అజ్ఞాతమా, చాటా? – ప్రైవేట్ బ్రౌజింగ్ పరిభాష, పరిమితులు: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

అంతర్జాల విహరిణులలో (బ్రౌజర్లలో) ఉండే ప్రైవేట్ బ్రౌజింగ్ సదుపాయానికి తెలుగులో 'అజ్ఞాత మోడ్' అనే పేరు ప్రచారంలో ఉంది. ఈ పేరు చేసే వాగ్దానానికీ, ఆ సదుపాయం నిజంగా చేసే పనికీ మధ్య ఉన్న దూరాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సదుపాయం సాంకేతిక స్వభావం, తెలుగు సాహిత్య సంప్రదాయంలో 'అజ్ఞాత' శబ్దానికి ఉన్న అర్థపరిధి, తెరమీద కనిపించే వివరణ పాఠం నిర్మాణం, గూగుల్ సంస్థపై అమెరికాలో నడిచిన వ్యాజ్యం ఇందులో ప్రధాన ఆధారాలు. ఆంగ్ల పదానికి 'అజ్ఞాత' సరైన అనువాదమే అయినా, ఆ సదుపాయానికి సరైన పేరు కాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అజ్ఞాత మోడ్, ప్రైవేట్ బ్రౌజింగ్, గోప్యత, పరిభాష, అనువాదం, విరాటపర్వం, సమ్మతి.

1. ప్రవేశిక:

ఫోను తెరమీద, కంప్యూటరు తెరమీద కనిపించే మాటలను సాహిత్య విమర్శ సాధారణంగా తన పరిధిలోకి తీసుకోదు. వాటికి కర్త ఎవరో తెలియదు. వాటిని చదివేవారు కూడా చదువుతున్నామని అనుకోరు. కానీ ఈనాటి తెలుగు పాఠకుడు రోజూ ఎదుర్కొనే గద్యంలో ఇటువంటి మాటల వాటా తక్కువేమీ కాదు. 'అనుమతించు', 'అంగీకరిస్తున్నాను', 'తొలగించు' వంటి మాటలు చదివి అతడు నిర్ణయాలు తీసుకుంటాడు. కథలో ఒక పదాన్ని అపార్థం చేసుకుంటే రసాస్వాదనకు భంగం కలుగుతుంది. ఇక్కడ ఒక పదాన్ని అపార్థం చేసుకుంటే మనిషి తన ఆరోగ్య సమస్యను, తన రాజకీయ ఆసక్తిని, తన కుటుంబ కలహాన్ని తనకు తెలియని వారి ముందు పరుస్తాడు. పరిణామం ఇంత బరువైనదైనప్పుడు ఆ పదాలను పరీక్షించడం భాషాసాహిత్యాల అధ్యయనానికి పరాయి పని కాదు.

అటువంటి పదాలలో 'అజ్ఞాత' ఒకటి. క్రోమ్ బ్రౌజరులోని 'ఇన్‌కాగ్నిటో' విండోను తెలుగులో 'అజ్ఞాత విండో' అంటున్నారు. ఆ మాట విన్న తెలుగువారికి ఏ అర్థం స్ఫురిస్తుంది, ఆ విండో వారికి ఏమి ఇస్తుంది అన్న రెండు ప్రశ్నలకు వచ్చే సమాధానాలు ఒకటి కావు. ఈ తేడాను నిరూపించి, దానికి కారణాలను వివేచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సదుపాయం పుట్టుక, స్వభావం:

2005లో ఆపిల్ సంస్థ తన సఫారీ బ్రౌజరులో 'ప్రైవేట్ బ్రౌజింగ్' పేరుతో ఈ సదుపాయాన్ని ప్రవేశపెట్టింది. 2008 సెప్టెంబరులో వెలువడిన గూగుల్ క్రోమ్ దీనికి 'ఇన్‌కాగ్నిటో' అని పేరు పెట్టింది. 2009లో మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 'ఇన్‌ప్రైవేట్' అన్న పేరుతోనూ, మొజిల్లా ఫైర్‌ఫాక్స్ 3.5 'ప్రైవేట్ బ్రౌజింగ్' పేరుతోనూ ఇదే మార్గాన్ని అనుసరించాయి. నాలుగు పేర్లలో మూడు 'ప్రైవేట్' అన్న మాట చుట్టూ తిరుగుతాయి. నాలుగోది మాత్రం ఒక వ్యక్తి స్థితిని చెబుతుంది. టోపీ, కళ్లద్దాలతో ముఖం కనిపించని మనిషి బొమ్మ ఆ పేరుకు తోడైంది.

సాధారణ విండోలో చూసిన పుటల జాబితాను, పుటలలో నింపిన వివరాలను, వెబ్‌సైట్లు పంపే 'కుకీ'లనే చిన్న గుర్తింపు చీటీలను బ్రౌజరు తన దగ్గర భద్రపరుస్తుంది. ప్రైవేట్ విండో తెరిచినప్పుడు ఒక తాత్కాలికమైన ఖాళీ అర ఏర్పడుతుంది. పాత కుకీలు అందులోకి రావు. కొత్తగా వచ్చినవి విండో తెరిచి ఉన్నంత సేపు నిలిచి, అటువంటి విండోలన్నీ మూయగానే చెరిగిపోతాయి. చూసిన పుటల జాబితా మిగలదు. దింపుకున్న దస్త్రాలు, గుర్తు పెట్టుకున్న పుటల చిరునామాలు మాత్రం అలాగే ఉంటాయి.

ఈ వివరణలోని క్రియలను గమనించాలి. 'భద్రపరచదు', 'మిగలదు', 'చెరిగిపోతాయి' అన్నవన్నీ బ్రౌజరు జ్ఞాపకానికి సంబంధించిన క్రియలు. బయటివారి చూపుకు సంబంధించిన క్రియ ఇందులో ఒక్కటీ లేదు. అంటే ఈ సదుపాయం సారం మరపు. మనిషిని దాచడం దీని పని కాదు, మనిషి చేసిన పనిని తాను మరచిపోవడం దీని పని. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి సామెత ఇక్కడ కొంచెం తిరగబడుతుంది. కళ్లు మూసుకునేది బ్రౌజరు, ఎవరూ చూడలేదని నిశ్చింతగా ఉండేది దాన్ని వాడేవారు.

3. ఎవరి నుంచి గోప్యత?

గోప్యత గురించి మాట్లాడేటప్పుడు 'ఎవరి నుంచి' అన్న ప్రశ్న అడగకపోతే చర్చ ముందుకు సాగదు. ప్రైవేట్ విండోలో పని చేసే వ్యక్తిని చూడగలిగిన వారిని నాలుగు వలయాలుగా విభజించుకోవచ్చు.

3.1 అదే పరికరాన్ని వాడేవారు: మొదటి వలయం ఇంట్లో అదే ఫోనును, నెట్ సెంటరులో అదే కంప్యూటరును తరువాత వాడేవారు. వీరి నుంచి ఈ సదుపాయం చాలావరకు కాపాడుతుంది. ఇది చిన్న విషయం కాదు. ఒకే ఫోను ఇంటిల్లిపాది చేతులు మారే కుటుంబాలలో గృహహింస నుంచి సహాయం వెతికే స్త్రీకి, తన శరీరం గురించిన సందేహం ఎవరినీ అడగలేని యువతికి మొదటి ముప్పు పక్క గదిలోనే ఉంటుంది. అయితే ఈ రక్షణ కూడా సంపూర్ణం కాదు. గౌరవ్ అగర్వాల్, ఎలీ బర్స్‌టీన్, కొలిన్ జాక్సన్, డాన్ బోనే 2010లో ప్రచురించిన అధ్యయనం అప్పటి బ్రౌజర్లను పరీక్షించి, బ్రౌజరుకు అదనంగా చేర్చుకునే పొడిగింపుల వల్లా, ఇతర మార్గాల వల్లా పరికరంలో జాడలు మిగలవచ్చునని చూపింది. ఫోనులో ముందే నిఘా యాప్ పెట్టి ఉంటే ఏ విండో తెరిచినా ప్రయోజనం లేదు.

3.2 దారిలో ఉన్నవారు: రెండో వలయం కళాశాల వైఫై నిర్వాహకులు, కార్యాలయ యజమాని, ఇంటర్నెట్ సేవను అందించే సంస్థ. ఎన్‌క్రిప్షన్ ఉన్న వెబ్‌సైట్లలో పుటలోని విషయం వీరికి కనిపించదు. కానీ ఏ వెబ్‌సైటుకు వెళ్లారన్నది సాధారణంగా తెలుస్తుంది. ఉత్తరంలోని విషయం తెలియకపోయినా కవరు మీది చిరునామా తపాలా బంట్రోతుకు తెలిసినట్టే ఇది. ప్రైవేట్ విండోలో తెరిచినా కవరు మారదు. మన దేశంలో సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాలు సేవాసంస్థలు తమ వ్యవస్థల నమోదులను 180 రోజుల పాటు ఉంచాలని నిర్దేశించాయి. విండో మూయగానే బ్రౌజరు మరచిపోయినా, దారిలోని వ్యవస్థలకు ఆ మరపు వర్తించదు.

3.3 గమ్యంలో ఉన్నవారు: మూడో వలయం వెళ్లిన వెబ్‌సైటు. దానికి పరికరం ఐపీ చిరునామా తెలుస్తుంది. దాని ద్వారా ఉజ్జాయింపుగా ఊరు తెలుస్తుంది. ప్రైవేట్ విండోలో ఉంటూనే తన ఖాతా పేరు, సంకేతపదం ఇచ్చి లోపలికి వెళ్లిన వ్యక్తి తన పేరు తానే చెప్పుకున్నట్టు. ఆ తరువాత చేసిన పనులు ఆ ఖాతాలో చేరే అవకాశం ఉంటుంది.

3.4 కనిపించని మూడోవారు: నాలుగో వలయం అన్నిటికన్నా విస్తృతమైనది. ఒక వార్తాపత్రిక పుట తెరిచినప్పుడు ఆ పత్రికతో పాటు ప్రకటనల సంస్థలకూ, సందర్శకులను లెక్కించే సంస్థలకూ సమాచారం వెళుతుంది. కుకీలు లేకపోయినా పరికరాన్ని గుర్తుపట్టే మార్గాలు ఉన్నాయి. తెర పరిమాణం, ఖతులు, కాలమండలం, బ్రౌజరు రకం, భాష వంటి లక్షణాలు విడివిడిగా సామాన్యమైనవే. అవి కలిసినప్పుడు వేలిముద్ర వంటి గుర్తు తయారవుతుంది. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ తరఫున పీటర్ ఎకర్స్‌లీ 2010లో జరిపిన పరిశీలనలో 4,70,161 బ్రౌజర్లలో 83.6 శాతం తమవంటిది మరొకటి లేనివిగా తేలాయి. స్వచ్ఛందంగా వచ్చినవారి నుంచి సేకరించిన సమాచారం కనుక ఈ శాతాన్ని అందరికీ వర్తింపజేయలేం. అయినా సూత్రం స్పష్టం. పేరు తీసేసినా పోలిక మిగులుతుంది.

అన్ని బ్రౌజర్లూ ఈ వలయం విషయంలో ఒకే విధంగా లేవు. ఫైర్‌ఫాక్స్ 2015 నుంచి ప్రైవేట్ విండోలో జాడ పట్టే సాధనాలను అడ్డుకుంటోంది. 2023లో సఫారీ కూడా ఈ దిశగా అదనపు రక్షణలు చేర్చింది. వీపీఎన్ వాడితే ఇంటర్నెట్ సంస్థకు తెలిసే విషయం వీపీఎన్ సంస్థకు తెలుస్తుంది. అంటే చూసేవారు మారతారు కానీ చూపు పోదు. పైన పేర్కొన్న సెర్ట్-ఇన్ ఆదేశాలు వీపీఎన్ సంస్థలు చందాదారుల వివరాలను 5 సంవత్సరాలు ఉంచాలని కూడా చెప్పాయి. టోర్ బ్రౌజరు ప్రయాణాన్ని పలు మజిలీల మధ్య పంచి, పంపినవారు ఎవరో, గమ్యం ఏదో ఒకే మజిలీకి తెలియకుండా చేస్తుంది. 'అజ్ఞాత' శబ్దానికి సాంకేతికంగా దగ్గరగా వచ్చేది ఏదైనా ఉంటే అది ఇటువంటి ఏర్పాటే. అక్కడ కూడా తన ఖాతాలోకి వెళ్లిన వ్యక్తికి అజ్ఞాతం ఉండదు.

4. 'అజ్ఞాత' శబ్దం – తెలుగు సంప్రదాయంలో అర్థపరిధి:

ఆంగ్లంలోని 'ఇన్‌కాగ్నిటో' ఇటాలియన్ నుంచి వచ్చిన మాట. దాని మూలం 'తెలియబడని' అన్న అర్థంగల లాటిన్ పదం. రాజులు, ప్రభువులు హోదా బయటపెట్టకుండా ప్రయాణించడాన్ని ఆ మాటతో చెప్పేవారు. సంస్కృతంలోని 'జ్ఞా' ధాతువు, ఆ లాటిన్ పదంలోని ధాతువు ఒకే ఇండో-యూరోపియన్ మూలానికి చెందినవి. నిషేధార్థక ఉపసర్గలతో సహా 'ఇన్‌కాగ్నిటో', 'అజ్ఞాత' అవయవానికి అవయవంగా సరిపోతాయి. నిఘంటువు దృష్టితో చూస్తే ఇంతకన్నా చక్కని అనువాదం దొరకదు. చిక్కు సరిగ్గా అక్కడే ఉంది. మూలంలోని పేరు చేసిన అతిశయోక్తిని అనువాదం పూర్తి విశ్వాసంతో తెలుగులోకి తెచ్చింది. పైగా తెలుగులో ఆ మాటకు మూలభాషలో లేని బరువు ఉంది.

తెలుగువారికి అజ్ఞాతం అనగానే గుర్తుకు వచ్చేది పాండవుల అజ్ఞాతవాసం. తిక్కన విరాటపర్వం ద్వారా, వీధి నాటకాల ద్వారా, 1963లో వచ్చిన 'నర్తనశాల' చిత్రం ద్వారా ఆ కథ చదువుకున్నవారికీ చదువుకోనివారికీ సమానంగా అందింది. ఆధునిక కాలంలో ఉద్యమకారులు 'అజ్ఞాతంలోకి వెళ్లారు' అన్న ప్రయోగం పత్రికల ద్వారా స్థిరపడింది. 'అజ్ఞాత కవి' అన్నప్పుడు కర్త పేరే తెలియదని అర్థం. మూడు సందర్భాలలోనూ ఉమ్మడి అంశం ఒకటే. వెతికే శక్తికి చిక్కకుండా ఉండడం. ఈ అర్థపరిధిని మనసులో పెట్టుకుని 'అజ్ఞాత విండో' తెరిచే వ్యక్తి, తనను వెతికే శక్తికి తాను చిక్కనని భావిస్తే అది అతని అజ్ఞానం కాదు. భాష అతనికి నేర్పిన అర్థమే అది.

విరాటపర్వ కథను నిశితంగా చూస్తే అజ్ఞాతం ఎంత కఠినమైన సాధనో అర్థమవుతుంది. ధర్మరాజు కంకుభట్టుగా, భీముడు వలలుడుగా, అర్జునుడు బృహన్నలగా, నకులుడు దామగ్రంథిగా, సహదేవుడు తంత్రీపాలుడుగా, ద్రౌపది సైరంధ్రిగా మారారు. పేరు మార్చారు, వేషం మార్చారు, వృత్తి మార్చారు. గుర్తుపట్టించే ఆయుధాలను జమ్మిచెట్టు మీద దాచారు. తమలో తాము పిలుచుకోవడానికి వేరే సంకేతనామాలు పెట్టుకున్నారు. గడువులోగా గుర్తింపబడితే మళ్లీ వనవాసం చేయవలసిందే. అంటే అజ్ఞాతంలో ఉన్నవారు తమకు సంబంధించిన ప్రతి లక్షణాన్నీ వదులుకోవాలి. ప్రైవేట్ విండో తెరిచే వ్యక్తి ఏమీ వదులుకోడు. అదే చిరునామా, అదే పరికరం, అదే భాష, అదే అలవాటు. గాండీవం భుజాన వేసుకుని విరాటుని కొలువులోకి వెళ్లడమే ఇది.

అంత జాగ్రత్త పడినా పాండవుల ఉనికి ఊహకు అందింది. ఎలా అందిందన్నది ఈ చర్చకు ముఖ్యం. కౌరవుల చారులు ఎక్కడ వెతికినా పాండవుల రూపాలు కనబడలేదు. వారు తెచ్చిన వార్తలలో కీచకుని మరణం ఒకటి. అంతటి బలశాలిని చంపగల భుజబలం ఎవరికి ఉంటుందన్న ఆలోచన తెలుగువారికి పరిచితమైన కథాక్రమంలో భీముని వైపు దారి తీస్తుంది. ధర్మరాజు ఉన్న దేశం ఎలా ఉంటుందో భీష్ముడు లక్షణాలు చెబుతాడు. పంటలు, వానలు, ప్రజల నడవడి ఆ గుర్తులు. ముఖం కనబడలేదు, పేరు వినబడలేదు. చేసిన పని స్వభావం నుంచి, చుట్టూ ఉన్న పరిస్థితుల నుంచి అనుమానప్రమాణం ద్వారా మనుషులను పోల్చుకునే ప్రయత్నం జరిగింది. పై విభాగంలో చెప్పిన వేలిముద్ర పద్ధతి చేసేది ఇదే తర్కం. ప్రాచీన కథలో ఆధునిక సాంకేతికత ఉందని ఇక్కడ వాదించడం లేదు. పేరు దాచినంత మాత్రాన గుర్తింపు ఆగదన్న వివేకం 'అజ్ఞాత' శబ్దంతో పాటే తెలుగులో ఉందని మాత్రమే ప్రతిపాదన. పేరు పెట్టినవారు శబ్దాన్ని తీసుకున్నారు, అందులోని వివేకాన్ని తీసుకోలేదు.

5. తెరమీది పాఠం – స్వరం, వరస:

పేరు ఒక్కటే పాఠకుడిని నడిపించదు. విండో తెరవగానే కనిపించే వివరణ కూడా ఒక పాఠమే. 2008లో క్రోమ్ తొలి రూపంలోని ఆంగ్ల వివరణ వాడేవారిని కొన్నిటి విషయంలో జాగ్రత్తగా ఉండమంది. ఆ జాబితాలో సమాచారాన్ని సేకరించే వెబ్‌సైట్లు, ఇంటర్నెట్ సేవాసంస్థలు, యజమానులు ఉన్నారు. వారి తరువాత రహస్య గూఢచారులు, వెనక నిలబడి చూసేవారు కూడా ఉన్నారు. హాస్యం కోసం చేర్చిన చివరి అంశాలు ఆ జాబితా స్వరాన్నే మార్చివేశాయి. నిత్యం జరిగే సేకరణ, సినిమాలలో కనిపించే గూఢచర్యం ఒకే వరసలో నిలబడ్డాయి. చివరి మాటకు నవ్విన పాఠకుడు మొదటి మాటను కూడా తేలికగా తీసుకునే ప్రమాదం ఉంది. హెచ్చరికను చమత్కారంగా చెప్పడం శైలికి అందం తెచ్చి ఉండవచ్చు, అర్థానికి చేటు తెచ్చింది.

తరువాతి సవరణలలో హాస్యం పోయింది. బ్రౌజరు ఏమి దాచుకోదో, ఎవరికి ఇంకా కనిపించవచ్చునో విడివిడి జాబితాలుగా చెప్పారు. అయితే ఇప్పుడు ప్రైవేట్‌గా విహరించవచ్చునన్న భరోసాతో పాఠం మొదలైంది. పరిమితులు తరువాత వచ్చాయి. కనిపించవచ్చునన్న జాబితాలో వెబ్‌సైట్లు, యజమాని లేదా పాఠశాల, ఇంటర్నెట్ సంస్థ ఉన్నాయి. ఆ బ్రౌజరును తయారుచేసిన సంస్థ పేరు ఆ జాబితాలో లేదు. ఒక పాఠాన్ని విమర్శించేటప్పుడు చెప్పినదాన్ని ఎంతగా చూస్తామో చెప్పకుండా వదిలినదాన్నీ అంతగా చూడాలి. ఇక్కడ వదిలినది కథకుని పేరే.

ఇటువంటి వివరణలు పాఠకులకు ఎలా అర్థమవుతాయన్న దానిపై 2018లో యుషీ వూ, బ్లేజ్ ఊర్ తదితరులు ఒక అధ్యయనం ప్రచురించారు. 460 మందికి వివిధ బ్రౌజర్ల వివరణలు చదివించి ప్రశ్నలు అడిగారు. ఖాతాలోకి వెళ్లి వెతికినా ఆ వెతుకులాట నమోదు కాదని 56.3 శాతం మంది భావించారు. వెబ్‌సైట్లు తమ ప్రదేశాన్ని తెలుసుకోలేవని 40.2 శాతం మంది, వైరస్‌ల నుంచి అదనపు రక్షణ ఉంటుందని 27.1 శాతం మంది అనుకున్నారు. వీరు వివరణ చదవనివారు కాదు, చదివిన తరువాత కూడా అలా అనుకున్నవారు. 'ప్రైవేట్' అన్న పేరు కలిగించిన అర్థాన్ని కింద రాసిన వాక్యాలు చెరపలేకపోయాయి. పాఠకుడు ముందుగా శీర్షికను నమ్ముతాడు, ఆ నమ్మకంతోనే పాఠాన్ని చదువుతాడు.

6. న్యాయస్థానంలో ఒక పేరు:

2020 జూన్‌లో కొందరు వినియోగదారులు అమెరికాలోని కాలిఫోర్నియా ఉత్తర జిల్లా ఫెడరల్ న్యాయస్థానంలో గూగుల్‌పై వ్యాజ్యం వేశారు. ఇది 'బ్రౌన్ వర్సెస్ గూగుల్' కేసుగా ప్రసిద్ధం. ప్రైవేట్ విండోలో ఉన్నప్పుడు కూడా ఇతర వెబ్‌సైట్లలో అమర్చిన గూగుల్ విశ్లేషణ, ప్రకటన సాధనాల ద్వారా సమాచారం ఆ సంస్థకు చేరుతోందన్నది ప్రధాన ఆరోపణ. కనీసం 500 కోట్ల డాలర్ల పరిహారం కోరారు. ఇన్‌కాగ్నిటో అంటే అదృశ్యం కాదని తాము ముందే చెప్పామన్నది సంస్థ వాదం.

ఈ వాదం సాహిత్య విద్యార్థికి పరిచితమైనదే. కవి వాచ్యంగా ఒకటి చెప్పి, సహృదయుడు మరొకటి గ్రహిస్తే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ఇది. 2021 మార్చిలో న్యాయమూర్తి లూసీ కో వ్యాజ్యాన్ని కొట్టివేయడానికి నిరాకరించారు. 2023 ఆగస్టులో న్యాయమూర్తి ఇవాన్ గోంజాలెజ్ రోజర్స్, సేకరణ జరుగుతుందని సంస్థ స్పష్టంగా చెప్పనందువల్ల వినియోగదారులు సమ్మతించినట్టు న్యాయవిచారణకు ముందే తేల్చడం కుదరదన్నారు. అదే సంవత్సరం డిసెంబరులో ఇరుపక్షాలు రాజీకి వచ్చాయి. 2024 ఏప్రిల్‌లో వెల్లడైన షరతుల ప్రకారం ప్రైవేట్ విహారాలకు చెందిన వందల కోట్ల నమోదులను తొలగించడానికి లేదా గుర్తింపుకు వీలులేకుండా మార్చడానికి, వివరణ పాఠాన్ని సవరించడానికి, ఇన్‌కాగ్నిటోలో ఇతర సంస్థల కుకీలను అడ్డుకునే ఏర్పాటును 5 సంవత్సరాలు కొనసాగించడానికి సంస్థ అంగీకరించింది. ఆ రాజీలో వినియోగదారుల వర్గానికి పరిహారం లేదు. ఎవరికి వారు విడిగా దావా వేసుకునే హక్కు మిగిలింది.

ఈ కేసులో రెండు అంశాలు ప్రస్తుత చర్చకు కీలకం. మొదటిది, పేరు విషయంలో సంస్థ లోపలే అసంతృప్తి ఉందని న్యాయస్థానం ముందుకు వచ్చిన అంతర్గత లేఖలు చూపాయి. పేరునూ, గూఢచారి బొమ్మనూ వదిలేయాలన్న అభిప్రాయం సంస్థ ఉద్యోగుల నుంచే వచ్చింది. రెండోది, ప్రైవేట్ విండో నుంచి వచ్చిన రాకపోకలను పోల్చే సూచికలు సంస్థ వ్యవస్థలలో ఉన్నాయని విచారణలో తేలింది. వాటిని తొలగించడం కూడా రాజీలో భాగమైంది. అజ్ఞాతంలో ఉన్నారన్న సంగతే జ్ఞాతం కావడం కన్నా ఆ పేరుకు పెద్ద వైరుధ్యం ఉండదు. సవరించిన వివరణ ఇప్పుడు, వెబ్‌సైట్లూ అవి వాడే సేవలూ, గూగుల్ సహా, సమాచారాన్ని సేకరించే తీరును ఈ విండో మార్చదని చెబుతోంది. వదిలిన పేరు పాఠంలోకి వచ్చింది. శీర్షిక మాత్రం మారలేదు.

7. 'చాటు' – మరొక అర్థసంప్రదాయం:

తెలుగులో గోప్యతకు సంబంధించిన మాటలకు కొరత లేదు. రహస్యం, గుట్టు, ఏకాంతం, మరుగు, చాటు, అజ్ఞాతం అన్నవి పర్యాయపదాలు కావు. గుట్టు సమాచారానికి సంబంధించింది. దాన్ని కాపాడేవారు ఉంటారు, రట్టు చేసేవారు ఉంటారు. ఏకాంతం స్థలానికి సంబంధించింది. అజ్ఞాతం వ్యక్తి గుర్తింపుకు సంబంధించింది. చాటు, మరుగు అన్నవి చూపుకు సంబంధించినవి.

'చాటు' అన్న మాటకు ఒక వ్యాకరణ విశేషం ఉంది. అది ఒంటరిగా నిలవదు. గోడ చాటు, చెట్టు చాటు, కొంగు చాటు అన్నట్టు అడ్డుగా ఉన్నదాన్ని వెంట తెచ్చుకుంటుంది. అడ్డు ఉందంటే దానికి రెండు వైపులు ఉంటాయి. గోడకు ఇటు నిలబడినవారికి మనిషి కనిపించడు, అటువైపు ఉన్నవారికి కనిపిస్తాడు. అంటే ఈ మాట వాడిన క్షణంలోనే 'దేని చాటున', 'ఎవరికి చాటుగా' అన్న ప్రశ్నలు పుడతాయి. మూడో విభాగంలో నాలుగు వలయాలుగా వివరించవలసి వచ్చిన విషయం ఈ మాట నిర్మాణంలోనే ఇమిడి ఉంది. 'అజ్ఞాత' శబ్దానికి ఈ గుణం లేదు. అది సంపూర్ణ నిషేధం. ఎవరికి తెలియదన్నది చెప్పకపోతే ఎవరికీ తెలియదన్న అర్థమే వస్తుంది. ప్రైవేట్ విండో ఇచ్చేది ఇంట్లోవారి చూపుకు ఒక చాటు మాత్రమే. దాన్ని అజ్ఞాతం అనడం తెర చాటున నిలబడిన మనిషిని దేశాంతరం వెళ్లాడనడం వంటిది.

ఈ ప్రతిపాదనకు ఆక్షేపణలు ఉండవచ్చు. మొదటిది, 'చాటుమాటు' వ్యవహారం అన్నప్పుడు ఆ మాటకు నిందార్థం వస్తుంది. తప్పు చేసేవారికే ఈ సదుపాయం కావాలన్న ధ్వని పుడితే సహాయం వెతికే స్త్రీకి అది మరో అడ్డంకి. ఈ ఆక్షేపణలో బలం ఉంది. అందువల్ల 'చాటు విండో' అన్న పేరునే ఖాయం చేయాలని ఈ వ్యాసం పట్టుబట్టదు. 'ఈ ఫోనులో జాడ ఉంచని విండో' వంటి వివరణాత్మక నామం కూడా ఆ పని చేస్తుంది. అందులో 'ఈ ఫోనులో' అన్న భాగం ప్రాణం. దాన్ని తీసేసి 'జాడలేని విండో' అంటే మళ్లీ పాత అతిశయోక్తే. రెండో ఆక్షేపణ, పొడవైన పేర్లు తెరమీద ఇమడవని. ఇది సాంకేతిక సౌలభ్యానికి సంబంధించింది. అర్థం తప్పిన పొట్టి మాట కన్నా అర్థం నిలిచిన పొడుగు మాట మేలు. మూడో ఆక్షేపణ కొంచెం లోతైనది. పేరు మార్చినంత మాత్రాన సేకరణ ఆగదు కదా అన్నది. నిజమే. పేరు రక్షణను పెంచదు. అయితే లేని రక్షణను ఉన్నదని నమ్మి తీసుకునే నిర్ణయాలను అది తగ్గించగలదు.

8. తెలుగు పాఠకుడి హక్కుగా స్పష్టత:

2017 ఆగస్టు 24న జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతి కోరే అభ్యర్థన స్పష్టమైన సరళమైన భాషలో ఉండాలంటుంది. ఆ అభ్యర్థననూ, దానితో ఇచ్చే నోటీసునూ ఆంగ్లంలో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే అవకాశం ఇవ్వాలంటుంది. ఆ షెడ్యూలులోని 22 భాషలలో తెలుగు ఒకటి. బ్రౌజరు విండో పేరు చట్టం చెప్పిన నోటీసు కాకపోవచ్చు. అయినా ఈ నిబంధన ఒక కొత్త పరిస్థితిని సూచిస్తుంది. ఇంతవరకు తెరమీది తెలుగు ఒక సౌకర్యంగా ఉంది. ఇకమీదట అది సమ్మతికి ఆధారం అవుతుంది. సమ్మతి చెల్లుతుందా లేదా అన్నది వాక్యం అర్థమైందా లేదా అన్నదానిపై ఆధారపడే చోట అనువాదకుని పదం ఎంపికకు చట్టపరమైన బరువు వస్తుంది.

మూలానికి విధేయంగా ఉండడమే మంచి అనువాదమన్న సూత్రం ఇక్కడ చాలదు. మూలంలోని పేరే వస్తువును తప్పుగా చెబుతున్నప్పుడు దానికి విధేయమైన అనువాదం ఆ తప్పును మరొక భాషాసమాజానికి చేరుస్తుంది. పరిభాషా నిర్మాణంలో పదాన్ని పదంతో తూచే పద్ధతితో పాటు, పదాన్ని అది సూచించే వస్తువుతో తూచే పద్ధతి కూడా కావాలి. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు పరిభాష మీద చేసే పరిశోధనలో తెరమీది పాఠాలను కూడా చేర్చుకోవడానికి ఇది తగిన సమయం. పరిశోధకులకు ఇందులో స్వప్రయోజనం కూడా ఉంది. సున్నితమైన అంశాలపై పని చేసేవారు, క్షేత్రపర్యటనలో మాట్లాడినవారి వివరాలను కాపాడవలసినవారు ప్రైవేట్ విండోను రక్షణగా భావిస్తే నష్టపోయేది వారు మాత్రమే కాదు, వారిని నమ్మి మాట్లాడినవారు కూడా.

9. ఉపసంహారం:

ప్రైవేట్ బ్రౌజింగ్ నిష్ప్రయోజనమైన సదుపాయం కాదు. ఒకే పరికరాన్ని పలువురు వాడే సమాజంలో ఇంటి లోపలి చూపు నుంచి అది ఇచ్చే చాటు విలువైనది. దానికి ఉన్న పరిమితి దాని లోపం కాదు, దాని స్వభావం. ఆ స్వభావాన్ని పేరు దాచిపెట్టడమే లోపం. 'అజ్ఞాత' శబ్దం ధాతువు దృష్టితో మూలానికి సరిపోయినా, తెలుగు సంప్రదాయంలో అది సూచించే కఠిన సాధనకూ, ఈ విండో ఇచ్చే పరిమిత సౌకర్యానికీ పొంతన లేదు. 2018 నాటి అధ్యయనం, 2020 నాటి వ్యాజ్యం చూపినదాన్ని బట్టి, పేరు కలిగించిన భ్రమను కింద రాసిన వివరణ పూర్తిగా తొలగించలేదు. అందువల్ల సవరణ శీర్షిక దగ్గరే మొదలు కావాలి. ఎవరి నుంచి, ఎంతవరకు అన్న రెండు ప్రశ్నలను వాడేవారి మనసులో పుట్టించగల మాటే ఈ సదుపాయానికి తగిన మాట. అటువంటి మాటలు తెలుగులో ఉన్నాయి. వాటిని తెరమీదికి తేవడమే మిగిలిన పని.